కర్చీఫ్ వేసిన సీటు

చేతిరుమాలంత తెలివితో సముద్రమంత నష్టం ఎలా చేయవచ్చో చెబుతాను, వినండి. నాలుగేళ్లుగా బంధువులందరికీ నేను చెబుతున్నది అబద్ధం. మా అమ్మాయి సిరి పక్క ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది నాన్నను వదిలి ఉండలేక కాదు. నేను చేర్పించాను. అదీ నా అతితెలివి వల్ల.

మాది రావులపాలెం. నా ఉద్యోగం రాజమండ్రిలో. ఇరవై ఏళ్లుగా రోజూ బస్సు ప్రయాణమే. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడంలో నన్ను మించినవాడు మా బస్టాండులో లేడు. సీటు దొరికాక కిటికీకి తల ఆనించి పగటికలలు కనడం నా రెండో విద్య.

సిరికి ఎంట్రన్సులో మంచి ర్యాంకు వచ్చింది. ఇక నా కలలకు అడ్డేముంది? బస్సు వంతెన ఎక్కగానే కింద గోదావరి కాస్తా విశాఖ సముద్రమైపోయేది. సిరి హాస్టల్ మేడ మీద గాలికి జుట్టు ఆరబెట్టుకుంటూ చదువుకునేది. నేను వేరుశనక్కాయల పొట్లంతో ఇసుకలో నడుస్తూ "మా అమ్మాయి కాలేజీ అండి" అని అలలకు చూపించేవాణ్ణి. "అలాగా అండి" అంటూ అవి మర్యాదగా వెనక్కి తగ్గేవి.

కాలేజీల ఎంపిక ఆన్‌లైన్లో పెట్టాల్సిన రోజున సిరి జంగారెడ్డిగూడెంలో పిన్ని ఇంట్లో ఉంది. ఎనిమిది పేర్లు వరసగా కాగితం మీద రాసిచ్చి వెళ్లింది. మొదటిది విశాఖ. చివరిది పక్క ఊరిది. పైవేవీ రాకపోయినా అది మాత్రం తప్పకుండా వస్తుంది. దాని పసుపు బస్సు మా గుమ్మం ముందే ఆగుతుంది.

నెట్ సెంటర్ నడిపే సుబ్బరాజు గారు టైపు చేయబోతుంటే ఆపాను.

"ఆ చివరిది మొదట పెట్టండి."

"అదేంటండి? అది ఆఖర్న ఉండాల్సిందండి."

"ముందు ఒక సీటు మీద కర్చీఫ్ పడాలండి. కిటికీ పక్క సీటు తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

"ఇది బస్సు కాదండి బాబూ! కంప్యూటరు పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మొదటిది దొరికిందంటే కిందవి ఇక చూడదు."

"ఇరవై ఏళ్ల అనుభవమండి నాది!"

"బస్సులో కదండి?"

"సీటెక్కడైనా సీటే."

"పోనీ, పాపకోసారి ఫోన్ చేయండి."

చేయలేదు. పైన ఫ్యాను తిరుగుతుంటే నాకు మళ్లీ సముద్రపు హోరు వినిపిస్తోంది. ఇక మార్చడానికి వీల్లేకుండా ఖాయం చేసే బటన్ ఆ హోరులోనే నొక్కేశాను.

వారం తిరిగేసరికి సీటు వచ్చింది. పసుపు బస్సు కాలేజీలో.

"విశాఖ రాలేదా ఏంటి?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"మా క్లాసు దివ్యకొచ్చిందమ్మా. దానిది నాకంటే వెనక ర్యాంకు," అంటూ సిరి నా వైపు తిరిగింది. "నాన్నా, నేనిచ్చిన వరసలోనే పెట్టారా?"

"వరస అదే తల్లీ. చివరిది మాత్రం కాస్త ముందుకు జరిపాను."

"ఎంత ముందుకి?"

"అన్నిటికంటే."

వంటింట్లో గరిటె నేల మీద పడింది. సిరి అరిచినా బాగుండేది. గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. రెండో విడతలో ప్రయత్నించాం. అప్పటికే విశాఖలో ఖాళీ లేదు.

బంధువులు అడిగినప్పుడల్లా "నన్ను వదిలి ఉండలేనందండి" అన్నాను. పక్కనే ఉన్న సిరి ఒక్కసారీ కాదనలేదు. నా పరువు కాపాడి, పుస్తకాలు తీసుకుని బస్సెక్కేది. ఆ పసుపు బస్సు రోజూ పొద్దున్నే హారన్ కొట్టేది. అది నన్నే పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది.

పోయిన నెల సిరికి విశాఖలోనే ఉద్యోగం వచ్చింది. బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. బస్టాండంతా జనం. బస్సు మలుపు తిరుగుతోంది. నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. సిరి గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు నాన్నా! విశాఖ దాకా నిలబడే వెళ్తాను."

అని పకపకా నవ్వింది. ఆ సంగతి మీద తను నవ్వడం నాలుగేళ్లలో అదే మొదలు.

అరటిగెలల లారీల సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక ఏ సీటు మీదా, ఎవరి కోసమూ కర్చీఫ్ వేయను. ఆ పూట ఆఫీసుకి రాజమండ్రి దాకా నేనూ నిలబడే వెళ్లాను. వంతెన మీద తొంగి చూశాను. గోదావరి గోదావరిలాగే ఉంది.