మహేందర్ పేరును ఆ మ్యాప్ మీద నుంచి తీసెయ్యండి

మహేందర్ పోయిండు.

నిన్న పొద్దున చాయ్ ముందర పెట్టుకొని ఫోన్ తెరిస్తె పోస్టర్ కనబడ్డది. నవ్వుతున్న వాడి ఫొటో, పక్కన కొవ్వొత్తి. ఎవడో ఆట పట్టిస్తున్నడనుకున్న.

వాడి బామ్మర్దికి ఫోన్ చేసిన. "గుండెనొప్పి కాకా, దవాఖానకు పోయేలోపే..." అన్నడు.

యాభై కూడ నిండలే.

నాకు ఏడుపు రావాలె. కోపమొస్తుంది.

ఎందుకంటే ఆ పోస్టర్ వేసింది, వాడిని బయటికి గెంటిన, పక్షులను చూసి లెక్కపెట్టేటోళ్ళ వాట్సాప్ గ్రూపే. అడ్మిన్ గారు "గొప్ప ప్రకృతి ప్రేమికుడు" అని రాసిండు. ఏ మ్యాప్ తప్పని వాడు కొట్లాడిండో, అదే మ్యాప్ వాడి ఫొటో వెనక పెట్టిండు.

తెలియనోళ్ళకు చెప్త.

కొండాపూర్ల నాది జిరాక్స్ షాపు. బడికి పోయింది తక్కువ, నా చదువంతా ఆ మిషన్ మీద పడ్డ కాగితాలే. పిల్లల థీసిస్సులు, ఇండ్ల దస్తావేజులు, విడాకుల నోటీసులు, అన్నీ చదివిన. ఒక లాయరమ్మ అయితే "అంకుల్, మీరు జిరాక్స్ తీయండి చాలు, తీర్పు చెప్పకండి" అన్నది. ఆ కేసు నేను చెప్పినట్టే అయింది, అది వేరే ముచ్చట.

మహేందర్ అట్లనే వచ్చిండు, ఆ గ్రూపోళ్ళు పక్షులను లెక్కపెట్టి గీసిన కలర్ మ్యాప్ పెద్దగ ప్రింట్ కొట్టించనీకి.

హైటెక్ సిటీల టెస్టర్ ఉద్యోగం వాడిది. ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌ల తప్పులు పట్టుడే పని. బయట కూడ అదే బుద్ధి. పెళ్ళి భోజనానికి పోయి, రుచి చూడకుండనే పప్పు వడ్డించిండ్రని వంటాయనతో పెట్టుకున్న మనిషి. ఊరందరి తప్పులు పట్టినోడు, ఛాతీల మంటను గ్యాస్ అనుకొని గోలీ మింగి ఊకున్నడు.

ఆ మ్యాప్‌ల రాష్ట్రమంతా గడులు. ఎక్కువ రకాల పక్షులుంటే ముదురు పచ్చ, తక్కువుంటే లేత పచ్చ, ఏమీ లేకుంటే తెలుపు. చూస్తె ముదురు పచ్చంతా మా కొండాపూర్, గచ్చిబౌలి చుట్టే.

"మనకాడ గిన్ని పక్షులున్నయా?" అన్న.

"పక్షులు కాదు కాకా. మావోళ్ళు ఫ్లాట్లు కొన్న జాగలు గివి" అన్నడు. "ఆదివారం టిఫిన్ టైముకు ఇంటికి చేరాలె కదా. అందుకే ఇంటి పక్క చెరువునే లెక్కపెడ్తరు. ఎవడూ పోని జాగ తెల్లగ ఉంటది. టెస్టే చెయ్యనిదానికి రిజల్ట్ ఎట్ల రాస్తరు?"

నన్ను కూడ గ్రూపుల చేర్చిండు. ఇగ ఆదివారమైతె వాడు తెల్ల గడులకే పోయేటోడు. స్కూటర్ వెనక నేను, మోకాళ్ళు పట్టుకొని వాడిని తిట్టుకుంట.

పుప్పాలగూడ అవతల, టవర్ల సందుల ఒక కుంట ఉన్నది. దానికి పేరు లేదు. మేము పోకముందే గీసిన మ్యాప్ కాబట్టి, అందుల అది తెలుపు.

పోయిన ఎండలకు, అందరు ఫొటోలు దిగే పెద్ద చెరువు ఎండి నెర్రెలు బారింది. ఈ కుంటల మాత్రం మోకాలి లోతు నీళ్ళున్నయి. తుంగల మునిగి తేలే బుడుబుంగలు, నీటికోళ్ళు. ఒడ్డున తీతువు పిట్టలు, మమ్మల్ని చూసి ఒకటే తిట్టుడు.

వానలు పడ్డంక పెద్ద చెరువుకు పక్షులు మళ్ళ వచ్చినయి. గ్రూపోళ్ళు "మన చెరువు కోలుకుంది" అని కేకు కోసిండ్రు.

కేకు నోట్ల ఉండంగనే మహేందర్ లేచిండు. "చెరువు ఒంటరిగ కోలుకోదు సార్. ఎండినప్పుడు తలదాచుకోనీకి చుట్టూ కుంటలుండాలె. లోతువి, లోతు లేనివి, తుంగ ఉన్నవి, లేనివి. ఒకటి ఎండితె ఇంకోటి ఆదుకుంటది. గవన్ని పూడిస్తె, వచ్చే కరువు తర్వాత మీ చెరువుకు ఎక్కడికెల్లి వస్తయి పక్షులు?"

"మహేందర్ గారూ, కాస్త పాజిటివ్‌గా ఉందామండి" అన్నడు అడ్మిన్.

తర్వాతేమైంది? ఆ కుంట పూడ్చే పర్మిషన్ కోసం బిల్డర్ ఇదే మ్యాప్ పట్టుకొచ్చిండు. తెల్లగ ఉన్నది కదా, అక్కడేం లేదన్నడు.

మహేందర్ అడిగింది ఒక్కటే. మ్యాప్ వాపసు తీసుకోండి, తెల్ల గడుల మీద "చూడలేదు" అని రాయండి.

వాడినే గ్రూపు నుంచి తీసేసిండ్రు. నన్ను మాత్రం ఉంచిండ్రు, ప్రింట్ల కోసం.

ఇప్పుడు వచ్చే ఆదివారం పెద్ద చెరువు కాడ వాడి పేరు మీద మెమోరియల్ వాక్ అట. బ్యానర్ మీద వాడి ఫొటో, వెనక ఆ మ్యాప్.

సార్లూ, మేడమ్‌లూ, మీరు చేస్తున్నది నివాళి కాదు. పూడ్చేటోని చేతికి చనిపోయినోడి సంతకం ఇస్తున్నరు. రేపు ఆ బిల్డర్ ఈ బ్యానర్ ఫొటో చూపించి, "మహేందర్ సార్ కూడ ఒప్పుకున్నడు" అంటడు. కాదనేటోడు లేకుండ పోయిండు.

బ్యానర్ ప్రింటుకు నాకే పంపిండ్రు. నేను కొట్టను. ఇంకో షాపుల కొట్టిస్తరు, తెలుసు. కొట్టించుకోండి. ఈ పోస్ట్ చదివినోళ్ళు నలుగురన్న అది అబద్ధమని అక్కడ నిలబడి చెప్పాలె.

ఆ ఆదివారం నేను కుంటకు పోతున్న. స్కూటర్ లేదు, ఆటోల పోత. ఇంగ్లిష్ పేర్లు నాకు రావు, బుడుబుంగను బుడుబుంగనే అంట. కండ్లు సరిగ్గ కనబడవు, ఎవరన్న తోడొస్తె మంచిది. వాడి మీద ప్రేమున్నోళ్ళు అటు రాండ్రి. చెప్పులు తడుస్తయి, కేకు ఉండదు.

పోయిరా మహేందరూ. నీతోని కొట్లాడేటోళ్ళు లేని చోట జర చల్లగ కూసో. నీ జీవికి నిమ్మళం దొరకాలె.