గోడ కట్టేచోట మా ఉత్తుత్తి దావత్

మా చిన్నప్పుడు... హైదరాబాద్ పాతబస్తీ, జహనుమాలోని మా ఇంటి వాకిలి మధ్యలో ఒకరోజు పొద్దున్నే సున్నం గీత పడింది. గీతకు అటు పెద్దబాపు వాళ్ల గదులు, ఇటు మావి. నల్లా నీళ్ల దగ్గర మొదలైన లొల్లి ముదిరి, పెద్దబాపు, మా బాపు... అన్నదమ్ములిద్దరూ ఆరు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. ఇక గోడే కట్టేద్దామనుకున్నారు. ఇసుక, ఇటుకలు దిగాయి. మేస్త్రి యూసుఫ్ భాయ్ తాపీ తీశాడు.

గోడ లేస్తే పెద్దబాపు కూతురు ఉమ అటుపక్కకు పోతుంది. వాళ్ల తలుపు వెనక గల్లీలోకి పెడతారట. నాకు ఏడుపొక్కటే తక్కువ. పుట్టినప్పటి నుంచి ఒకే చాప మీద పడుకున్నవాళ్లం మరి!

అప్పుడు ఉమ ఏం చేసిందనుకున్నారు... పాత దుప్పటి తెచ్చి సరిగ్గా ఆ గీత మీదే పరిచింది. "దావత్ ఆట ఆడుదాం, రాండ్రి" అంది. నేనూ, పక్కింటి షబానా కూర్చున్నాం. బాదం ఆకులే విస్తర్లు. గోడకు తెచ్చిన ఇసుకే బగారన్నం, ఇటుక ముక్కలే మటన్.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది... తినేవాళ్లను మధ్యలో లేపకూడదు. ఎంత కోపమున్నా, చెయ్యి కడిగేదాకా ఆగాల్సిందే. ఉమ ధీమా అదే.

బాపు వచ్చాడు. "లేవుండ్రి! పని ఆగుతుంది" అని గదిమాడు.

"ఇంక తింటనే ఉన్నం చిన్నబాపూ" అంది ఉమ, ఇసుక కలుపుతూ.

యూసుఫ్ భాయ్ తాపీ కింద పెట్టేశాడు. "ఖానే పే బైఠే సో బచ్చోంకు నక్కో ఉఠావ్ భాయ్." తినడానికి కూర్చున్న పిల్లల్ని లేపొద్దని ఆయనదీ అదే పట్టింపు!

"అరే భాయ్, గది ఉసికె! అన్నమా ఏంది?" అని ఇసుక చూపిస్తూ బాపు చిరాకుపడ్డాడు.

తినడం ఆపితే అంతా అయిపోయినట్టే. మటన్ అయింది, దాల్చా అయింది, డబల్ కా మీఠా అయింది. షబానా మళ్లీ మొదటి నుంచి వడ్డించింది. ఎండ నెత్తికెక్కింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. నాకు ఒంటికి వస్తోంది, అయినా లేవలేదు.

చివరికి బాపు నా రెక్క పట్టుకుని గుంజాడు. అంతే... గీత అవతలి నుంచి పెద్దబాపు కేక. "తినే పోరిని లేపకురా!"

ఆరు నెలల్లో తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది. బాపు తిరిగి చూశాడు. నా రెక్క వదిలేసి లోపలికి పోయాడు. ఆ రోజు ఒక్క ఇటుకా లేవలేదు.

గెలిచామని మస్తు ఎగిరాం. మరునాడు బడి నుంచి వచ్చేసరికి గోడ నా ఎత్తు దాటింది.

అన్నదమ్ములు తర్వాత మాట్లాడుకున్నారా అంటే... లేదండి. ఆ కేకే మొదటిది, ఆఖరిదీ.

ఇప్పుడు మా ఇంట్లో ఫోన్ మోగితే చాలు, సగం అన్నం వదిలేసి లేస్తాం. ఎవరూ ఆపరు. కూర్చోమని అరిచే మనిషి ఒక్కరుంటే బాగుండనిపిస్తుంది... మీకోసం అట్లా అరిచినవాళ్లు ఎవరో చెప్పండి, వింటాను.