అతుక్కున్న పేజీలు

నాకు కుదురు తక్కువ. ఒకచోట అయిదు నిమిషాలు కూర్చోలేను. ఆ వారమైతే నిలబడటం కూడా చేతకాలేదు.

మా ఆళ్లగడ్డ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడేళ్లు నిండిన పిల్లలు ఆదివారం ఆరాధనలో అందరి ముందూ ప్రశ్నోత్తరాల పుస్తకం చదవాలి. చదివితే పెద్దలు చేతికి బైబిలు ఇస్తారు. నిన్ను పుట్టించినదెవరు, పాపమంటే ఏమిటి, ఇలా సాగుతుంది ఆ పుస్తకం. మా నాయన చదువు నేర్చుకున్నది అందులోనే, నాకు నేర్పిందీ అందులోనే. వెనకటికి పడవలెక్కి అమెరికా పోయిన ప్యూరిటన్లనే క్రైస్తవులు కూడా పిల్లలకు అక్షరాలతో పాటే పాపభయమూ నేర్పేవాళ్లని ఎక్కడో చదివి, వీళ్లెవరో మా నాయనకు చుట్టాల్లా ఉన్నారే అని నవ్వుకున్నాను.

ఇప్పుడు వంతు నా కూతురిది. మేముండేది నంద్యాలలో. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆళ్లగడ్డకు తీసుకుపోతే నాయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించాడు. అది వరసల కింద వేలు పెట్టి గడగడా చదువుతుంటే నేనూ మురిసిపోయాను.

వచ్చే ఆదివారమే దాని వంతనగా, బుధవారం సాయంత్రం రొట్టెలు చేస్తూ చేస్తూ వచ్చి, చదువుకుంటున్న దాని వెనక నిలబడ్డాను. ఎప్పుడో జావ ఒలికి ఆ పుస్తకంలో రెండు పేజీలు అతుక్కుపోయాయి. పిల్ల ఆగలేదు. లోపల కనబడకుండా ఉన్న మూడు జవాబులూ పొల్లుపోకుండా చెప్పేసింది. వేలు మాత్రం ఇంకేవో వరసల మీద నడుస్తూనే ఉంది. నువ్వు చదవడం లేదు కదే అన్నాను.

"చదివితే యాడన్నా తప్పు పోతాది. చెప్తే పోదు కదమ్మా," అంది.

కోపం దాని మీద కాదు, నా మీదే. బడిలో ముప్పై మంది పిల్లల దొంగచదువు పట్టే టీచరమ్మను, ఇంట్లో పట్టలేకపోయాను. దానికి అక్షరాలు వచ్చు, కూడబలుక్కోవడమే రాదు. మిగిలిన రోజుల్లో అంగళ్ల బోర్డులు, బస్సుల పేర్లు, పప్పు ప్యాకెట్లు, కనబడిందల్లా చదివించాను. ఒక్కో మాటకు ప్రాణం విసిగిపోయేది. శనివారం నాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆ పుస్తకం వద్దు, బైబిలులోంచి పిల్ల ఎన్నడూ చూడని కీర్తన ఏదైనా ఇప్పించమని అడిగాను.

"సంఘంలో నా పరువు తీస్తాండావ్," అన్నాడు.

అయినా పెద్దలకు చెప్పాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, పిల్ల తిన్నదా అని మాత్రం అడిగి పెట్టేశాడు.

ఆదివారం పిల్ల బైబిలు ముందు నిలబడింది. మొదటి మాటకే ఆగింది. అక్షరం అక్షరం కలుపుకుంటూ ఒక్క వచనం దాటేసరికి నా చీర కొంగు నలిగి ముద్దయింది. వెనక ఎవరో దగ్గారు. రెండో వచనంలో మళ్లీ ఆగిపోయింది. కీర్తనలన్నీ కంఠతా వచ్చిన మా నాయన ముందు బెంచీలో కూర్చున్నవాడు ఉండబట్టలేక, తర్వాతి మాట అందించాడు.

అది వేలు అక్కడే పెట్టి తలెత్తింది.

"ఉండు తాతా. చదువుతాండా."