వేళ్లు లేని కొండాకు

మా ముత్తాత నల్లమల వారనున్న మా ఊరికి రెడ్డి. మా తాత అరుగు మీద కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ల తగవులు అక్కడే తెగేవి. వారి వారసుణ్ని నేను. ఇప్పుడు గిద్దలూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఈ ఉదయం నా భార్య సంతలో కొండాకు కట్ట కొని తెచ్చింది. తొలివానకు తడిసిన ఆ పచ్చివాసన తగలగానే కట్ట తిప్పి అడుగు చూశాను. కట్టకు వేళ్లు లేవు.

మా మేనత్త సుబ్బమ్మ చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. వంటిల్లు ఆమెదే. మా కొండ మీద తొలివానకు రెండు మొక్కలు ఒక్కసారే మొలుస్తాయి. రెండూ అడవి లిల్లీలే. పొడవాటి ఆకులు, పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. ఒకటి వానల్లో ఆకుల మధ్య తెల్లగా పూస్తుంది; దాని ఆకే కొండాకు, పప్పులో కమ్మగా ఉంటుంది. రెండోది నక్కవుల్లి. అది ఎండల్లోనే, ఆకు లేని ఒట్టి కాడ మీద పూసి పోతుంది. దాని విషం గుండెను పట్టుకుంటుంది. తొలివాననాటికి దేనికీ పువ్వుండదు. అందుకే అత్త మొక్కను పెరికి తెమ్మనేది. అడుగున సన్నని గడ్డలు గుత్తిగా వేలాడితే పొయ్యి మీదికి. ఉల్లిగడ్డలా పొరలుంటే పెంటలోకి. అంత చూసినా మొదటి ముద్ద తానే తిని, చాలాసేపు కూర్చున్నాకే మాకు వడ్డించేది.

నేను మార్కాపురం కాలేజీలో చదివే రోజుల్లో ఒక తొలివానకు నాయన తానే కొండెక్కి ఆకు తెచ్చారు. అరుగు మీద ఆయన పిలిచిన పెద్దమనుషులున్నారు.

"వేళ్లేవిరా?" అంది అత్త.

"కొండమీదే కోసి పారేసినా అక్కా. రెడ్డి మట్టిగడ్డలు మోసుకొస్తా ఉంటే వాళ్లు నవ్వరూ?"

"నవ్వితే నీ మీసం రాలతాదా? గడ్డ చూడంది నేను వండను."

"కొండాకు పప్పని చెప్పి పిలిచినా. వాళ్ల ముందర నా తల తీయగాకు."

అత్త వండింది. ముద్ద తిని గడపకు ఆనుకుని కూర్చుంది. అరుగు మీది నుంచి ఎవరో, "ఏంది సుబ్బక్కా, మాకేమన్నా మిగిలిచ్చేదుందా?" అని నవ్వారు. నేను పళ్లెం ముందు కూర్చుని అత్త ముఖమే చూస్తున్నాను. ఆమె పెదవులు పాలిపోయాయి. నుదుట చెమట.

"పళ్లెం తీయిరా. కుండ గుంతలో పూడ్చండి. కోళ్లు గూడా ముట్టగూడదు" అంది. ఆ వెంటనే వాంతులు.

ఆసుపత్రికి పోయే జీపులో ఆమె మణికట్టు నా చేతిలోనే ఉంది. నాడి కొట్టుకునేది, ఆగేది. ముందు సీట్లో నాయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దారి మధ్యలో అత్త కళ్లు తెరిచి, "వాళ్లు తిన్లేదు గదా?" అని మాత్రం అడిగింది.

బతికింది. కానీ మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే బలం రాలేదు.

ఈ ఉదయం కట్ట తీసుకెళ్లి గుంత తవ్వాను. "ఊరంతా తింటా ఉండారు, నీదేం భయమో" అని నా భార్య విసుక్కుంది. మట్టి కప్పి, పైన రాయి పెట్టాను.

మా కొండవార చేను ఆ వానాకాలంలోనే అత్త వైద్యానికి అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దాన్ని కొండ మొదలు దాకా దున్నారు. ఇప్పుడక్కడ కొండాకూ లేదు, నక్కవుల్లీ లేదు.