అత్తయ్య మడి, మావాడి విమానం

మా ఇంట్లో ముప్పై ఎనిమిది కిలోల కుక్కకీ, అంతకంటే కాస్తే ఎక్కువ తూగే మా అత్తయ్యకీ మధ్య ఎనిమిదేళ్లపాటు ఒక ఒప్పందం నడిచింది. ఆవిడ వాణ్ణి ముట్టుకోదు, వాడు ఆవిణ్ణి ముట్టుకోడు. మిగతా లోకంతో వాడి వ్యవహారమే వేరు. పాలవాడి భుజాల మీద కాళ్లు వేస్తాడు, నా చున్నీతో మూతి తుడుచుకుంటాడు. అత్తయ్య తడిచీరతో పెరట్లోంచి వస్తూ "దూరం రా" అంటే మాత్రం గోడకి అతుక్కుపోయి, ఆవిడ గుమ్మం దాటేదాకా తోక కూడా ఊపకుండా నిలబడతాడు.

గుడిలో అర్చన చేసిన వంశం అది. మావయ్యగారు పోయినా, గుడి చేతులు మారినా, విజయనగరంలో అద్దె ఇళ్లు నాలుగు మారినా అత్తయ్య మడి మాత్రం ఒక్క మెట్టు దిగలేదు. మావారు లాబ్రడార్ పిల్లని చొక్కాలో దాచుకుని తెచ్చిన రోజున, ఆవిడ సుద్దముక్కతో వరండా మధ్యన గీత గీసింది. "ఇది దాటితే నేను కాశీ పోతాను" అంది. వాడు దాటలేదు, ఆవిడా పోలేదు. సుద్దగీత వారానికే చెరిగిపోయింది. అది ఎక్కడ ఉండేదో మాకు నలుగురికీ, వాడితో కలిపి, బాగా తెలుసు.

అలాగని వాడంటే పడదని కాదు. మధ్యాహ్నాలు ఆవిడ తన వైపు కూర్చుని వత్తులు చేసుకుంటూ వాడికి కబుర్లు చెప్పేది. మోకాళ్ల నొప్పులు, ఎదురింటి వాళ్ల గొడవలు, నా పులుసులో ఉప్పు. నా మీద చాడీలు కుక్కకి చెప్పే అత్తగారు ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలీదు. భోజనం చివర ఒక ముద్ద విస్తరాకు ముక్కలో పెట్టి గీతకి అవతలకి జరిపేది. వాడి పేరు మాత్రం ఎన్నడూ పిలవలేదు. "ఒరే" అంటుంది, వాడు పలుకుతాడు.

మావారికి బెంగళూరు బదిలీ అయింది. ముందుగా వెళ్లి కుక్కని రానిచ్చే ఇల్లు చూశారు. నేనూ, అత్తయ్యా, వాడూ తరవాత వెళ్లాలి. ఎండాకాలంలో ఒక రోజంతా రైలు సామాన్ల బ్రేక్‌వానులో వాణ్ణి పడెయ్యడానికి నాకు మనసొప్పలేదు. విమానం అయితే రెండు గంటల లోపే. కానీ అంత పెద్ద కుక్కని సీటులో కూర్చోనివ్వరు. గట్టి ఫైబర్ పెట్టెలో పెట్టి, సరుకులతోపాటు విమానం కడుపులోకి ఎక్కిస్తారు. వాడు ఆ పెట్టెలోకి వెళ్తేనే ప్రయాణం. వెళ్లకపోతే రాజాంలో మావారి స్నేహితుడి ధాన్యం గోదాముకి కాపలా కుక్కగా వెళ్లాలి, మెడకి గొలుసుతో. ఆ మాట మావారు ఫోన్లో నెమ్మదిగానే అన్నారు గానీ, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, ఫోన్ పెట్టేశాను.

పెట్టె తెప్పించి నెల్లాళ్లు వరండాలో ఉంచాను. వాడు దాని చుట్టూ తిరిగి, వాసన చూసి, కాలెత్తబోతే అరిచాను. అంతే, లోపలికి మాత్రం వెళ్లడు. గరివిడిలో పశువుల డాక్టరు దగ్గరికి టీకా కాగితాల కోసం వెళ్తే, ఆయన కాటా మీద నిలబెట్టి తూచి, "మత్తు ఇవ్వకూడదమ్మా, పైన ఊపిరి ఇబ్బంది. వీడికి బాగా ఇష్టమైనవాళ్లు కట్టి విడిచిన బట్ట ఒకటి లోపల పరచండి, ఉతక్కుండా" అన్నారు. ఇష్టమైనవాళ్లు అంటే ఇంకెవరు? అన్నం పెట్టేది నేను, తిప్పేది నేను, పేలు ఏరేది నేను. నా పాత నైటీ పరిచాను. వాడు దాన్ని పళ్లతో బయటికి లాగి, దాని మీద పడుకున్నాడు. పెట్టె ఖాళీ.

నాలుగోరోజు పొద్దున్న అత్తయ్య స్నానానికి వెళ్లింది. విడిచిన చీర బాత్‌రూమ్ బయట మూలన పడేసి ఉంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి చీర లేదు. పెట్టెలోంచి ముదురాకుపచ్చ చెంగు వేలాడుతోంది. లోపల వాడు, చీరని ఉండచుట్టి దాని మీద గెడ్డం ఆనించి, కళ్లు మూసుకుని. వాడు దండెం మీది మడిబట్ట జోలికి పోయేవాడు కాదు, విడిచినదే తీసుకున్నాడు. ఇంక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. అత్తయ్య వచ్చి చూసింది.

"విడిచిందే కదా, ఉండనీ" అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. వాడు ఎక్కాడన్న సంతోషం ఒక పక్క, నిజం చెప్పాలంటే అసూయ రెండు పక్కల. ఎనిమిదేళ్లు చాకిరీ చేసింది నేను, మనసు ఇచ్చింది అటు.

ప్రయాణం రోజున నాలుగు గంటల ముందునించీ తిండి పెట్టొద్దన్నారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే అత్తయ్య వాడి గిన్నెలో చెంచాడు పెరుగు వేస్తూ దొరికిపోయింది. "పెరుగు తిండి కాదే, శకునం. పెరుగు తినకుండా మనింట్లోంచి ఎవరు బయల్దేరేరు?" అంది. వాడు ఒక్క నాకుతో శకునం పూర్తిచేశాడు.

వ్యాన్ మాట్లాడాం. అత్తయ్య తలస్నానం చేసి, దేవుడి పెట్టె ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఇత్తడి కృష్ణుడూ, ఇంకొన్ని చిన్న విగ్రహాలూ ఉన్న చెక్కపెట్టె అది. అది తన ఒళ్లోంచి దిగేదాకా ఎవరూ తనని తాకకూడదంది. డ్రైవరు పక్కన కూర్చుని మడేమిటని అడగబోయి ఊరుకున్నాను. ప్రయాణాల మడికి ఆవిడ లెక్కలు ఆవిడవి. విశాఖపట్నం దాకా వెనకసీట్లో నేనూ, డిక్కీలో పెట్టెతో వాడూ. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏటమ్మా, ఈడు మాట్లాడకుండా కూకున్నాడు? మా బావమరిది కంటే నయం" అన్నాడు.

సరుకుల షెడ్డు దగ్గర అసలు కథ మొదలైంది. పెట్టెని మిషన్లో పరీక్ష చెయ్యాలి, వాణ్ణి బయటికి తియ్యమన్నారు. తీశాను. చీర దులిపి చూసి మళ్లీ లోపల పరిచారు. ఈలోపు బయట విమానం ఒకటి లేచింది. ఆ చప్పుడుకి వాడు వణికిపోయి నా కాళ్ల మధ్యన దూరాడు. ఇంక పెట్టెలోకి వెళ్లమంటే వెళ్లడు. లాగాను, తోశాను, బతిమాలాను, నెత్తి మీద ఒకటి వేశాను కూడా. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, వీడికి నాలుగు కాళ్లు కూడానూ. సామాను ఎక్కించే మనిషి గడియారం చూసుకున్నాడు.

"అమ్మా, టైమైపోతన్నాది. పది నిమిసాల్లో తలుపు ముయ్యాల. తరవాత తీసుకోరు."

వ్యాన్ డ్రైవరు ఇంకా బయటే ఉన్నాడు. వాణ్ణి వెనక్కి పట్టుకెళ్లి రాజాం వాళ్లకి అప్పగించమని చెప్పాల్సిందే. నేను ఆ సిమెంటు నేల మీద నిలబడి, నలుగురిలో, చిన్నపిల్లలా ఏడ్చాను.

షెడ్డు గుమ్మంలో కుర్చీలో కూర్చున్న అత్తయ్య లేచి వచ్చింది. అంత భయంలోనూ వాడు ఏం చేశాడో చూడండి. ఆవిడ వస్తోందని గోడవారకి తప్పుకున్నాడు. ఆవిడ ఆగిపోయింది. వాణ్ణి చూసింది, గోడని చూసింది. దేవుడి పెట్టె నా వైపు చాపింది.

"పట్టుకో."

"అత్తయ్యా, నా ఒళ్లంతా వీడి బొచ్చు. మీ మడి..."

"పట్టుకోమన్నానా! ఆయన నాలుగు తరాలై మనింట్లో ఉన్నాడు, మన బతుకులు ఎరుగును. వీడికేం తెలుసు?"

దేవుణ్ణి పట్టుకున్నాను. ఆవిడ మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి లోపలికి పెట్టి తన చీరని తట్టింది. "ఒరే, ఇలా రా. ఇదిగో, ఇక్కడ పడుకో. నేను పైనే ఉంటాను. రా."

వాడు వచ్చాడు. తల వంచుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ. పెట్టె వాకిలికి ఒక పక్క ఆవిడ చెయ్యి అడ్డంగా ఉంది. వాడు ఒళ్లంతా రెండో పక్కకి నొక్కుకుని, పక్కటెముకలు అంచుకి రాసుకుపోతున్నా సరే, ఆవిడ చేతికి ఒక్క వెంట్రుక కూడా తగలకుండా లోపలికి వెళ్లాడు. సామాను మనిషి తలుపు గడియ వేశాడు.

"చూసేవా, తగల్లేదు" అంది అత్తయ్య. చెయ్యి అలాగే చాపి ఉంది. "ముట్టుకోరా అని కూర్చున్నాను. తగల్లేదు."

విమానంలో ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. కింద వాడున్నాడు కదా, కాళ్లు నెత్తిన పెట్టినట్టుంటుందట. నీళ్లు కూడా తాగలేదు. మేఘాల మీదికి వచ్చాక, కిటికీ వైపు తిరిగి, "ఎనిమిదేళ్లు మడి నాదనుకున్నాను అమ్మాయ్. కాపాడింది వాడు" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మామూలుగా అయితే విదిలించుకునేది.

బెంగళూరులో మావారు వచ్చారు. దేవుడి పెట్టె ఆయన చేతికిచ్చి ముగ్గురం సరుకుల ఆఫీసు బయట గంటసేపు నిలబడ్డాం. చివరికి బండి మీద పెట్టె వచ్చింది. తలుపు తియ్యగానే వాడు తూలుతూ బయటపడి, నన్నూ మావారినీ పడగొట్టినంత పని చేశాడు, ముఖాలంతా నాకాడు. అప్పుడు అత్తయ్యని చూశాడు. ఒక్కసారిగా ఆగిపోయాడు. తోక ఊడిపోయేలా ఊపుతున్నాడు గానీ అడుగు ముందుకి వెయ్యడు.

అత్తయ్య వాడి వైపు నడిచింది. వాడు అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ ఇంకో అడుగు వేసింది. వాడు ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి గోడకి తగిలి నిలబడ్డాడు, ఊపిరి బిగబట్టి, ఆవిడ దాటిపోతుందని.

ఆవిడ దాటలేదు. "ఇంకెక్కడికి తప్పుకుంటావురా, నాయనా" అని వాడి తల మీద చెయ్యి వేసింది.