ఎర్ర బండి, బూడిద బండి

మా మేనమామ పొద్దున పోయాడని కోదాడ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయాడట. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, మోకాళ్లు. ప్యాంటుకు అక్కడ ఎప్పుడూ మట్టి ఉండేది.

మామ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు దగ్గర డ్రైవర్‌గా పనిచేసేవాడు. సేటుకు పాత విదేశీ కార్ల పిచ్చి. మిల్లు వెనక షెడ్డులో, ఊక దుమ్ము పడకుండా పట్టాలు కప్పి రెండు ఉంచాడు. ఇటలీది ఎర్రది, జర్మనీది బూడిద రంగుది. రెండూ దూర ప్రయాణాలకని చేసినవే, రెండింటికీ రెండే తలుపులు. ఎర్రది నేలను తాకుతుందేమో అన్నంత కిందికి ఉండేది. కాలు ఆనించగానే దూకేది. బూడిదది కాస్త ఎత్తు, బరువు; స్టీరింగ్ తిప్పితే భుజాలు నొచ్చేవి. "ఎర్రదానికి భయం తెల్వది. ఇది నా లెక్క, జర ఆలోచిస్తది" అనేవాడు. ఏది తీసినా ముందు మోకాళ్ల మీద వంగి అడుగున చూసేవాడు. "బండికి మొక్కుతున్నడు సూడు" అని హమాలీలు నవ్వేవాళ్లు.

ఆ రోజుల్లోనే నాకు కాన్పు నొప్పులు నెల ముందే మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే సూర్యాపేట ఆసుపత్రికి తీసుకుపొమ్మంది నర్సు. సేటు ఎర్రదాని తాళం ఇచ్చాడు. మామ దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టి రెండోది అడిగాడు.

"తొందరగ పోవాల్నంటే గిదేందయ్యా?"

"తోవ పొడుగూత ఉలువలు పరిసిన్రు సేటూ. ఎర్రదాని కింద ఇరుక్కుంటే పొగగొట్టం వేడికి అంటుకుంటది."

బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు ఎండిన పంటను తారురోడ్డు మీదే పరిచేవాళ్లు.

దారంతా అమ్మ తమ్ముణ్ణి తిడుతూనే ఉంది. "నడుపుతున్నవా, నడుస్తున్నవారా? నా బిడ్డకేమన్న అయితే నీ భయాన్ని ఏం జేసుకుంటవ్?"

మామ స్టీరింగ్ మీదికి వంగి రోడ్డునే చూస్తున్నాడు. ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. పరిచిన పంట మీదికి ఎక్కాక కాలిన వాసన వచ్చింది. ఆపి, దిగి, కిందికి దూరి, చిక్కుకున్న పంటను చేతులతోనే పీకాడు. వెనక సీట్లో పడుకున్న నా వీపు కింద రేకును ఆయన వేళ్లు గీకుతుంటే విన్నాను. లేచి దిగే స్థితిలో లేను.

బిడ్డ దక్కింది. డాక్టరమ్మ "ఇంకొంచెం ఆలస్యమైతే" అంది, మాట పూర్తి చేయలేదు.

ఎర్రది తీస్తే ఏమయ్యేదని చాలా ఏళ్లకు మామను అడిగాను.

"తెల్వది బిడ్డా. ఇప్పటికీ రెండు కలలు వస్తయి. ఒకదాంట్ల ఎర్రది తీస్త, అంటుకుంటది. ఇంకోదాంట్ల బూడిదదే తీస్త, మనం దవఖానకు టైముకు అందుకోం. లేసినంక ఏది నిజమో తెల్వనీకి జరసేపు పడ్తది."

శవాన్ని వ్యానులో కోదాడ నుంచి ఆయన సొంతూరు మిర్యాలగూడకు తెస్తున్నాం. ఆ రోజు పుట్టిన నా కూతురు నా భుజం మీద నిద్రపోతోంది. హుజూర్‌నగర్ దాటాక రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి. వ్యాను వాటి మీద నుంచే పోయింది. ఆపమన్నాను.

"ఏమైందక్కా?" అన్నాడు డ్రైవరు.

దిగి, మోకాళ్లూని అడుగున చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి చూశాను.