నా పుస్తకం చదవనన్న పెద్దమ్మ

గిద్దలూరులో మా ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కార్డు నాకు పొదిలికి చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆదివారం వెళ్లి అయ్యవారి దగ్గర కాసేపు కూర్చుని వచ్చాను. అక్కడ నోరు దాటని మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. పురిట్లోనే మా అమ్మ పోతే నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. వీధి మొత్తానికీ పెద్దమ్మే. ఆమె భర్త హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు. నాలుగు పద్యాలు నాకు ఒంటబట్టాయంటే ఆయన బెత్తం చలవే.

రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో హైదరాబాదులో ఒక సాహిత్య సంఘం, ఏటా వచ్చే కొత్త కవితా సంపుటాల్లో ఒకదానికి బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. అది వచ్చిన కవి పేరు రాష్ట్రమంతా తెలిసిపోయేది. న్యాయనిర్ణేతలు ముగ్గురు. అందులో ఒకరు మా అయ్యవారు. అప్పటి కర్నూలు జిల్లాలో ఓ మూలనున్న మనిషిని ఎట్లా వెతికి పట్టుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

చిక్కేమిటంటే అప్పటికే ఆయన కళ్లలో శుక్లాలు ముదిరాయి. అందుకని చదివే పని పెద్దమ్మ మీద పడింది. ఆమె చదువు ఐదో తరగతి. ఎండాకాలం పుస్తకాల కట్ట రైల్లో దిగగానే ఒక్కోదానికీ పాత పేపరుతో అట్ట వేసి, పైన బొగ్గుతో అంకె వేసేది. పుస్తకం మీది పెద్ద అక్షరాలు అయ్యవారికి ఇంకా మసగ్గా ఆనేవి మరి. రాసిందెవరో తనకు తెలియకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం.

మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని చదివేది. గొంతు పెంచడం, తగ్గించడం ఉండేది కాదు. ఒక్కో పద్యానికీ ఒక్కో గుక్క మంచినీళ్లు. నచ్చినా ముఖం మారేది కాదు గానీ, లోపల పొయ్యి మీద పాలు మాత్రం పొంగిపోయేవి. ఆ వాసన తగలగానే అయ్యవారు "ఎన్నో నంబరు?" అనేవారు.

"మంటెక్కువై పొంగినాయి. కవిత్వానికి పాలు పొంగుతాయా యాడన్నా?" అని కసిరేది పెద్దమ్మ.

ఒక సంపుటి నిండా వెన్నెలే ఉంటే, "పాపం, ఈయప్పకి పగలు పనేం లేనట్టుంది" అనేది. అంతకు మించి తీర్పు చెప్పేది కాదు.

మూడో ఏడు నా మొదటి పుస్తకం కూడా ఆ కట్టలో వచ్చింది. నేనప్పుడు ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ముందటేడే నాయన పోయాడు. గొర్రెల్ని తోలుకుని నల్లమలకు మేతకు వెళ్లినవాడు జ్వరంతో తిరిగొచ్చి, మళ్లీ మంచం దిగలేదు. పుస్తకంలో సగం ఆయన గురించే. బహుమతి వస్తే మా నాయన ఎవరో నలుగురికీ తెలుస్తుందని నా ఆశ. ఇన్నేళ్లలో అంతగా దేన్నీ ఆశపడలేదు.

పెద్దమ్మ అట్టలు వేస్తుంటే వెళ్లి, "నాది కొంచెం నిదానంగా, మనసుపెట్టి చదువు పెద్దమ్మా" అని బతిమాలాను.

"చూద్దాంలే, పో" అంది.

నా పుస్తకం వంతు వచ్చేసరికి ఆమెకు గొంతు పట్టేసింది! పొద్దున చింతపండు అమ్మొచ్చినామెతో వీధి దద్దరిల్లేట్టు బేరమాడిన గొంతు అది. నాలుగు రోజులు ముఖం చిట్లించుకుంటూ మిరియాల కషాయం కూడా తాగింది. ఆ నాలుగు రోజులూ పుస్తకాలు చదివింది మా వీధి పోస్టుమాను. టెలిగ్రాములు చదివి చదివి పెళ్లికీ చావుకీ ఆయన గొంతు ఒకటే అయిపోయింది. నా కరువు పద్యం ఆయన చదువుతుంటే మా వాకిట్లో కూర్చుని విన్నాను. ఒళ్లు మండిపోయింది.

బహుమతి ఇంకొకరికి వచ్చిందని పేపర్లో చూశాక ఎదురింటి గడప తొక్కడం మానేశాను. ఎదురెదురు ఇళ్లాయె, రోజుకు నాలుగుసార్లయినా పనిగట్టుకుని ముఖం తిప్పుకోవాల్సి వచ్చేది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆమే వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"ఏంది రా, నామీద అలిగినావంట?"

"గొంతు బాగైందా?" అన్నాను ఎగతాళిగా.

"దానికేమైంది, రాయి మాదిరి ఉంది. నీ పుస్తకం నేను ఒక్క పేజీ చదివినా అయ్యవారికి తెలిసిపోతాది రా. మీ నాయన మాట వచ్చినకాడ నా గొంతు నిలబడదు. తక్కెడ పట్టినోళ్లు తట్ట మీద చెయ్యి పెడితే ఎట్ల?" అని, కొంగు చాటు నుంచి నా పుస్తకం తీసి, పేపరు అట్ట చింపేసింది. "ఇప్పుడు తూకం అయిపాయె. ఇను."

మొదటి పేజీ నుంచి చదవసాగింది. నాలుగైదు పద్యాలయ్యాక అయ్యవారు కర్ర తడుముకుంటూ వీధి దాటి వచ్చి నిలబడ్డారు.

"ఇది నీదా రా?"

"నాదే అయ్యవారూ."

"నేను దీన్ని రెండోదిగా పెట్టినాను."

"ఇప్పుడు పెద్దమ్మ నోట విన్నారు కదా?" అన్నాను ఆశ చావక.

ఆయన కాసేపు ఆలోచించి, "ఇప్పుడు విన్నా రెండోదే" అన్నారు.

ఎనిమిది రోజుల కోపం అక్కడే పోయింది. పకపకా నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు.

"ఉండండి, వీళ్ల నాయన పద్యం వచ్చింది" అంది.

అయ్యవారు కర్ర గోడకానించి ఆమె పక్కన కూర్చున్నారు. పెద్దమ్మ మొదటి పాదం చదివింది. రెండో పాదంలో మా నాయన గొర్రెల్ని పేరుపేరునా పిలిచే చోట గొంతు ఆగిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. అయ్యవారు తల వంచుకున్నారు. ఆమె పుస్తకాన్ని ముఖానికి ఇంకాస్త దగ్గరగా పట్టుకుని, మూడోసారి మొదలుపెట్టింది.